నళిని ఇచ్చిన కాఫీ

మా ఇంట్లో వారపత్రిక చదవడం ఒక పని, కొయ్యడం ఇంకో పని. పత్రిక భట్టిప్రోలు స్టేషన్లో దిగి, ముందు కరణంగారింటికి, అక్కణ్ణుంచి మా మేనత్త ఇంటికి వెళ్ళి, చివరికి మా ఇంటికి వచ్చేది. చివరి ఇల్లు మాది కాబట్టి కాయితాలు మావి. అమ్మ కత్తెర పుచ్చుకుని సీరియల్ పేజీలు విడదీసి వరసగా దాచేది. కథ పూర్తయ్యాక దబ్బనంతో కుట్టి, అట్ట వేసి పుస్తకం చేసేది. మా ఊళ్ళో చాలా ఇళ్ళలో నవలలంటే ఇవే. కొట్లో కొన్న నవల మా ఇంట్లో ఒక్కటి కూడా లేదు.

చిక్కంతా వెనకపేజీతో వచ్చింది. ఆ పత్రికలో రెండు సీరియల్స్ ఒకదాని వెంట ఒకటి పడేవి. మొదటిది పెద్దమ్మ చదివేది, రెండోది అమ్మ చదివేది. పెద్దమ్మ కథ ఆఖరి పేజీ వెనకే అమ్మ కథ మొదటి పేజీ, బొమ్మతో సహా. ఒకే కాయితం ఇద్దరి పుస్తకాల్లో ఎలా ఉంటుంది?

"బొమ్మ లేకపోతే అది పుస్తకమేంటక్కా," అనేది అమ్మ.

"తీసుకోవే. నాకు ఆఖరిపేజీ లేకపోయినా ఫరవాలేదు," అనేది పెద్దమ్మ. ఆ మాట అన్నాక ఆ పూటంతా వంటింట్లో గిన్నెల చప్పుడు తప్ప ఇంకేమీ వినపడేది కాదు.

ఒకరోజు నాన్నే తీర్పు చెప్పాడు. "కాయితం ఆదిలక్ష్మి ఉంచుకుంటుంది. వదినకి ఆ పేజీ మన వేణి రాసి ఇస్తుంది. దాని దస్తూరీ అచ్చుకేం తీసిపోదు."

అలా పెద్దమ్మ ఆఖరిపేజీలు నా పాలబడ్డాయి. ప్రతివారం తెల్లకాయితాన్ని పత్రిక కొలతకు కోసి, గీతలు గీసి, గుండ్రంగా రాసిచ్చేదాన్ని. నాన్న ఆ పేజీలు ఇంటికొచ్చినవాళ్ళందరికీ చూపించేవాడు. "మా అమ్మాయి రాసింది బాబాయ్, చూడండి, అచ్చనుకుంటున్నారా?" అనేవాడు. నేను తలుపు వెనక్కి పోయేదాన్ని.

పెద్దమ్మ పేరు మాణిక్యాంబ. మా నాన్న అన్నగారి భార్య. పెద్దనాన్నని నేను చూడలేదు. నేను పుట్టకముందే తాతయ్యతో పొలం విషయంలో మాటామాటా వచ్చి, పొద్దున్నే తెనాలి రైలెక్కి వెళ్ళిపోయాడట. మళ్ళీ రాలేదు, కబురూ లేదు. పెద్దమ్మ బొట్టు తియ్యలేదు. ఆయన మాట మా ఇంట్లో ఎవరూ ఎత్తరు. పెద్దమ్మ నలుగురిళ్ళకీ పోదు, పేరంటాలకీ పోదు. పనంతా అయ్యాక వసారాలో కూర్చుని, ఒక్కొక్క అక్షరం మీద వేలు పెట్టి, పెదాలు కదుపుతూ తన సీరియల్ చదువుకుంటుంది. అప్పటికి అమ్మ కొయ్యడం, నేను రాసివ్వడం అయిపోయి ఉంటాయి.

ఆ సీరియల్లో అమ్మాయి పేరు నళిని, అబ్బాయి పేరు భాస్కర్. భాస్కర్‌కి అస్సాంలో ఎక్కడో ఉద్యోగం వచ్చి వెళ్ళిపోతున్నాడు. ఆ వారం ఆఖరిపేజీలో నళిని సముద్రపు ఒడ్డుకి వెళ్ళి అతన్ని కలుసుకుంటుంది. తనే పరిగెత్తుకుంటూ వెళ్ళి అతన్ని వాటేసుకుంటుంది. తనే ముద్దు పెట్టుకుంటుంది. వెళ్ళొద్దని ఏడుస్తూ అడుగుతుంది.

చదివినప్పుడు నాకేం సిగ్గు వెయ్యలేదు. రెండోసారి కూడా చదివాను. రాయడానికి కూర్చున్నాకే చెయ్యి కదల్లేదు. అచ్చులో ఉంటే అది నళిని చేసిన పని. నా గుండ్రటి అక్షరాల్లో ఉంటే నేను చేసినట్టే ఉంది. పైగా నాన్న దాన్ని పట్టుకుని వీధిలోకి పోతాడు. "మా అమ్మాయి రాసింది బాబాయ్" అంటాడు.

అందుకని సముద్రం తీసేశాను. భాస్కర్ నళిని వాళ్ళింటికే వచ్చినట్టు రాశాను. నళిని కాఫీ ఇచ్చింది. "క్షేమంగా వెళ్ళిరండి" అంది. అతను తాగేసి గ్లాసు కిందపెట్టి వెళ్ళిపోయాడు. పేజీ నిండలేదు. అక్షరాలు కాస్త పెద్దవి చేసి, కాఫీ మీద నురుగు గురించి, గ్లాసు వేడి గురించి నాలుగు వాక్యాలు చేర్చాను. అసలు పేజీని అమ్మ తన కట్టలో పెట్టుకుంది. ఆవిడ ఎప్పుడూ అటుపక్క కథ అడ్డం రాకుండా దానిమీద తెల్లకాయితం అంటించేస్తుంది. ఆ వారం ఆ పని నేను చేస్తానన్నాను. మైదాపిండి ఉడకేసి, బాగా దట్టంగా పట్టించాను.

పై వారం పత్రిక వచ్చింది. అందులో నళిని మంచం మీద పడి ఏడుస్తోంది. జుట్టునిండా ఇసక.

పెద్దమ్మ వేలు అక్కడ ఆగింది. "వేణీ, ఇటురా. కాఫీ ఇచ్చి పంపిన మనిషికి జుట్టులో ఇసక ఎందుకొచ్చిందే?"

"గాలికి పెద్దమ్మా. సముద్రం పక్కనేగా వాళ్ళ ఇల్లు."

"అంత గాలా?"

"సూర్యలంకలో ఉంటుందిగా, అలాంటిది."

పెద్దమ్మ ఒకసారి కార్తీకమాసంలో సూర్యలంకలో స్నానం చేసింది. ఆ గాలి ఆవిడకి తెలుసు. నమ్మింది. పేజీ వెనక్కి తిప్పి నేను రాసింది మళ్ళీ చదివింది.

"చూశావా, ఒక్క మాట అడగలేదు," అంది. "లోపల అంత ఏడుపు పెట్టుకుని కూడా, వెళ్ళొద్దని ఒక్క మాట అడగలేదు." తర్వాత, నాతో కాదన్నట్టు, "నేనూ అంతే. చద్దన్నం పెట్టి పంపాను. ఎక్కడికని కూడా అడగలేదు," అంది.

పెద్దనాన్న గురించి ఆవిడ నోట ఒక మాట వినడం నాకదే మొదలు. అప్పుడే చెప్పేసి ఉంటే సరిపోయేది. ఆవిడ మొహం చూశాక నోరు రాలేదు. ఆ వారం నుంచి నళిని పెద్దమ్మకి స్వంత మనిషి అయిపోయింది. అమ్మ ఏదైనా మాట తూలితే, "నళినిని చూసి నేర్చుకోవే, నోరంటే అది," అనేది. అమ్మ ఆ సీరియల్ చదివేది కాదు. "ఆ ఏడుపుకథ నాకెందుకు," అనేది. అలా ఎవరికీ తెలియకుండానే కథ అయిపోయింది. పెద్దమ్మ పేజీలన్నీ కుట్టించి, అట్టమీద తన పాత చీరాల చీర అంచు ముక్క తొడిగింది. ఎర్ర అంచు, మధ్యలో సన్నటి రుద్రాక్షల గీత. పుస్తకం చూస్తే ముట్టుకోవాలనిపించేలా వచ్చింది.

దాన్ని మా స్కూల్లో వసుంధర టీచర్ చూడటంతో నా పని అయిపోయింది. ఆవిడ తెనాలి నుంచి రోజూ రైల్లో వస్తారు. ఒకరోజు మంచినీళ్ళకి మా ఇంటికొచ్చి, వసారాలో ఆ పుస్తకం చూసి, చేతిలోకి తీసుకుని వదల్లేదు.

"మాణిక్యాంబగారూ, తెనాలిలో లైబ్రరీ వారోత్సవాలు జరుగుతున్నాయి. ఈసారి చేత్తో చేసిన పుస్తకాల ఎగ్జిబిషన్ పెడుతున్నారు. మీది ఇవ్వాలండీ."

"నాదా! ఏదో చింకి చీర అతికించాను తల్లీ," అంది పెద్దమ్మ. అంటూనే పైట చెంగుతో అట్ట తుడిచింది.

"వద్దు టీచర్," అన్నాను నేను. నేను టీచర్ ముందు నోరు విప్పడమే వింత. ఇద్దరూ నావైపు తిరిగారు.

"ఎందుకే?"

"నా రాత బాగుండదు."

ఇద్దరూ నవ్వారు. పుస్తకం టీచర్ సంచీలోకి వెళ్ళిపోయింది. ఆ రాత్రి డైరీలో కూడా ఆ సంగతి రాసుకోలేకపోయాను. తేదీ వేసి, వర్షం పడిందని రాసి మూసేశాను.

ఆదివారం పెద్దమ్మా నేనూ తెనాలి బయల్దేరాం. పెద్దమ్మ అలా తనంతట తను ఊరు దాటడం నాకు గుర్తున్నంతలో లేదు. ఆకుపచ్చ చీర కట్టుకుంది, జడ చుట్టి పూలు పెట్టుకుంది. నాన్న స్టేషన్ దాకా వచ్చి, "జాగ్రత్త వదినా, పుస్తకం నీదని అందరికీ చెప్పు," అన్నాడు. రైల్లో నేను ఒకటే కోరుకున్నాను. లోపల ఎవరూ చదవకూడదు. అట్ట చూసి బాగుందని వెళ్ళిపోవాలి. చదివితే, అందులోనూ ఆ కథ తెలిసినవాళ్ళు చదివితే, పెద్దమ్మకి తెలిసిపోతుంది. ఇన్నాళ్ళూ తన మనిషి అనుకున్న నళినిని నేను తయారుచేశానని తెలిసిపోతుంది.

హాల్లో బల్లలు వేసి, మీద తెల్లదుప్పట్లు పరిచి పుస్తకాలు పెట్టారు. మూడు బల్లలకి మూడు అట్టముక్కలు: చేతిరాత పుస్తకాలు, కుట్టిన పుస్తకాలు, మార్చిన పుస్తకాలు. కాలేజీ కుర్రాళ్ళ లిఖిత పత్రిక మొదట్లోనే ఉంది. దానిమీద ఎవరో ఎర్రసిరాతో 'ముట్టరాదు' అని రాసిపెట్టారు, ఆ సిరా తడికి అప్పటికే ఎవరిదో బొటనవేలి ముద్ర పడింది. చీరాల నుంచి వెంకటస్వామి అనే ఆయన పంపిన పుస్తకంలో కాయితమే లేదు. నేసిన అంచుల ముక్కలు, ఒక్కో అంచు ఒక్కో పేజీ. పెద్దమ్మ దాన్ని తిప్పుతూ అక్కడే ఉండిపోయింది. "ఇదిగో, ఇది నా పెళ్ళినాటి రకం," అంది.

మార్చిన పుస్తకాల బల్ల దగ్గర జనం ఎక్కువగా ఉన్నారు. రేపల్లె నుంచి జార్జి అని ఒకాయన పాత రైల్వే టైంటేబుల్ పేజీల మీద రంగులతో చేపల బొమ్మలు వేశాడు. చేప పొట్టలోంచి స్టేషన్ల పేర్లు కనపడుతున్నాయి. దాని పక్కన లావుపాటి ఇంగ్లీషు లా పుస్తకం ఉంది. ఎవరో లాయరుగారు దాని మధ్యలో పేజీలన్నీ గుంటగా కోసి వక్కాకుపెట్టె చేసుకున్నాడు.

"ఓరి నీ అసాధ్యం కూలా," అని పెద్దమ్మ పైట నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. "న్యాయమంతా తవ్వి పారేసి సున్నం డబ్బా పెట్టాడు."

మా పుస్తకం కుట్టిన పుస్తకాల బల్లమీద, కిటికీ దగ్గర ఉంది. ఎర్ర అంచు ఎండలో మెరుస్తోంది. పక్కన చీటీ మీద 'శ్రీమతి మాణిక్యాంబ, భట్టిప్రోలు' అని ఉంది. పెద్దమ్మ తన పేరు మీద వేలుపెట్టి చదువుకుంది. అక్కడి నుంచి కదలనని, ఎవరైనా అడిగితే చెప్పాలి కదా అని, బల్ల పక్కనే నిలబడింది.

అంతలో ఒక లావుపాటి ఆవిడ, పక్కన కాలేజీ చదివే కూతురితో వచ్చింది. అట్ట చూడలేదు, అంచు చూడలేదు. తిన్నగా పుస్తకం తెరిచింది.

"ఒసే చంద్రకళా, ఇదే ఆ సీరియల్! నళినీ భాస్కర్! మనకి సగం పేజీలు పోయాయిగా. సముద్రం దగ్గర ఘట్టం వెతుకు, మళ్ళీ చదవాలి."

చంద్రకళ పేజీలు తిప్పింది.

"ఇదేంటమ్మా, ఇక్కడ చేతిరాత ఉంది," అంది చంద్రకళ. కాసేపు చదివింది. తర్వాత కిసుక్కున నవ్వింది. "అమ్మా! కాఫీ ఇచ్చింది!"

"ఎవరు?"

"నళిని. భాస్కర్‌కి కాఫీ ఇచ్చి, క్షేమంగా వెళ్ళిరండి అంది!"

"ఏదీ, ఇటియ్యి," అని ఆవిడ లాక్కుని, పైకి చదవడం మొదలుపెట్టింది. గొంతు హాలంతా వినపడుతోంది. "'కాఫీమీద నురుగు తెల్లగా పొంగుచుండెను.' హవ్వ! ముద్దు బదులు నురుగా!" చుట్టూ ఉన్నవాళ్ళు దగ్గరికొచ్చారు. "మళ్ళీ చదవండి శేషారత్నంగారూ," అని ఎవరో అన్నారు. ఆవిడ మళ్ళీ చదివింది. గ్లాసు వేడిగా ఉందన్న వాక్యం దగ్గర ఒకాయన పొట్ట పట్టుకున్నాడు.

పెద్దమ్మకి ఇంకా అర్థం కాలేదు. మర్యాదగా ముందుకొచ్చింది. "మీరు వేరే కథ అనుకుంటున్నారమ్మా," అంది.

"వేరే కథేంటి పిన్నిగారూ! ఆ వారం మా వీధి వీధంతా చదివింది. నళిని సముద్రం దగ్గరికి పరిగెత్తుకెళ్ళి వాటేసుకోదూ?"

"నళినా? అట్లాంటి పిల్ల కాదమ్మా. నాకు తెలుసుగా."

ఆ మాటకి అందరూ ఇంకా గట్టిగా నవ్వారు. శేషారత్నంగారు చెడ్డమనిషి కాదు, అది నాకు తెలుస్తూనే ఉంది. పెద్దమ్మ భుజం మీద చెయ్యి వేసి, "తనే ముద్దు పెట్టుకుంటుంది పిన్నిగారూ, తనే!" అంది.

నవ్వులు విని, ఎగ్జిబిషన్ ఏర్పాట్లు చూసుకుంటున్న లైబ్రేరియన్ జగన్నాథరావుగారు కళ్ళజోడు సవరించుకుంటూ వచ్చారు. పుస్తకం తీసుకుని, అచ్చుపేజీ, చేతిరాతపేజీ మార్చి మార్చి చూశారు.

"ఇది ఎవరి దస్తూరీ అమ్మా?" అని పెద్దమ్మని అడిగారు.

పెద్దమ్మ నావైపు చూసింది. నేను చెప్పులు చూసుకున్నాను. నేనేనండీ అని రెండు ముక్కలు అంటే చాలు. గొంతు దాకా వచ్చాయి కూడా. తల ఎత్తితే అంతమంది మొహాలు. అందరి నోళ్ళలో ముద్దు అన్న మాట. ఆ మాట నేను తీసేశానంటే, దాని గురించి నేను ఆలోచించానని అందరికీ తెలుస్తుంది. తల ఎత్తలేదు.

"నేనే రాయించానండీ అట్లా," అంది పెద్దమ్మ. నా చెవులు నమ్మలేదు. "నాకా గొడవలు నచ్చవు."

"ఈ వయసులో సిగ్గేంటి పిన్నిగారూ!" అంది శేషారత్నంగారు. పెద్దమ్మ బొట్టు, పూలు చూసి కన్నుగీటింది. "మీ ఆయన చదువుతాడని భయమా?"

పెద్దమ్మ పైట సర్దుకుంది.

"అవునమ్మా," అంది. "ఆయనకి నచ్చదు."

అందరూ నవ్వారు. ఆ నవ్వులో పెద్దమ్మ కూడా నవ్వింది. అప్పుడు నాకు నేలలోకి కూరుకుపోవాలనిపించింది అని రాస్తే తక్కువే. నా బదులు ఆవిడ నవ్వులపాలయింది, అది ఒకటి. లేని మనిషిని ఇంట్లో ఉన్నట్టు చెప్పుకోవలసి వచ్చింది, అది నావల్లే. అయినా నేను నోరు తెరవలేదు.

జగన్నాథరావుగారికి మాత్రం నిజంగానే సంతోషం వేసింది. "ఇది తప్పు బల్లమీద పెట్టామండీ! కథ నచ్చకపోతే పాఠకురాలే మార్చి రాసుకుంది. ఇంతకంటే మార్చిన పుస్తకం ఏముంటుంది!" అన్నారు. ఆయనే స్వయంగా పుస్తకాన్ని తీసుకెళ్ళి, లాయరుగారి వక్కాకుపెట్టె పక్కన పెట్టారు. కొత్త చీటీ రాశారు: 'కథ మార్చినవారు: శ్రీమతి మాణిక్యాంబ'. నా పేజీ దగ్గర తెరిచి, మూసుకోకుండా రెండువైపులా రాళ్ళు పెట్టారు. మేం బయటికి వచ్చేసరికి ఆ బల్ల చుట్టూ నిలబడ్డానికి చోటు లేదు. వసుంధర టీచర్ గుమ్మం దగ్గర ఎదురై, "ఎంత పేరొచ్చిందండీ మీ పుస్తకానికి!" అన్నారు. పెద్దమ్మ దణ్ణం పెట్టింది.

స్టేషన్ దాకా నడిచే వచ్చాం. పెద్దమ్మ నాకంటే నాలుగడుగులు ముందే నడిచింది. తిడితే బాగుండేది. బెంచీ మీద కూర్చున్నాక సంచీలోంచి పులిహోర పొట్లం తీసి, సగం నాకు పెట్టింది. నేను ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. "తిను," అంది. తిన్నాను.

రేపల్లె పాసింజరులో కిటికీ పక్కన చోటు దొరికింది. ఎదురుగా తమలపాకుల గంప పెట్టుకుని ఒకావిడ కూర్చుంది. రైలు కదిలి, ఊరు దాటి, రెండుపక్కలా వరిచేలు వచ్చాక పెద్దమ్మ నావైపు తిరిగింది.

"ఇప్పుడు చెప్పు. ఏం జరిగింది అక్కడ?"

"ఎక్కడ పెద్దమ్మా?"

"నీకు తెలుసు ఎక్కడో."

"నా తప్పు పెద్దమ్మా. నాన్న చూస్తాడని..."

"తప్పొప్పులు ఇంటికెళ్ళాక చూసుకుందాం. కథ చెప్పు. నళిని సముద్రం దగ్గరికి వెళ్ళింది. వెళ్ళి?"

నేను ఓణీ కొస వేలికి చుట్టుకున్నాను. "అతని దగ్గరికి పరిగెత్తింది."

"పరిగెత్తి?"

"పట్టుకుంది."

"చెయ్యా?"

"చెయ్యి కాదు."

"గట్టిగా చెప్పవే, రైలు చప్పుడులో ఏం వినపడుతుంది?"

"చెయ్యి కాదు!" అన్నాను. అది మరీ గట్టిగా వచ్చింది. తమలపాకుల ఆవిడ ఆకుల మీద నీళ్ళు చల్లడం ఆపి మావైపు చూసింది.

"ఎవరమ్మా ఆ నళిని? మీ చుట్టాలమ్మాయా?" అంది.

"అవునమ్మా," అంది పెద్దమ్మ, ఆవిడవైపు తిరక్కుండానే. "ఊఁ, తర్వాత?"

"తర్వాత, ఆవిడన్నట్టే. తనే." అంతకంటే రాలేదు. చెవులు కాలిపోతున్నాయి. "తర్వాత వెళ్ళొద్దని అడిగింది."

పెద్దమ్మ నా మోచెయ్యి పట్టుకుంది. "అడిగిందా? నోరు తెరిచి?"

"అడిగింది పెద్దమ్మా. మళ్ళీ మళ్ళీ అడిగింది. నేను లేకుండా ఎక్కడికీ వెళ్ళొద్దు, నన్నూ తీసుకుపో అని. ఇసకలో కాళ్ళమీద పడి అడిగింది."

"మరి ఏమన్నాడు?"

"ఏమీ అనలేదు. ఆమె చేతులు విడిపించుకుని వెళ్ళిపోయాడు."

"అంత అడిగినా?"

"అంత అడిగినా."

పెద్దమ్మ నా మోచెయ్యి వదిలేసింది. వెనక్కి ఆనుకుని కూర్చుంది. వేమూరులో రైలు ఆగింది, ఎవరో ఎక్కారు, ఎవరో దిగారు. ఆవిడ ఏమీ చూడలేదు. ఇంతకాలం నేను ఆవిడ దగ్గర్నుంచి దాచింది ముద్దు ఒక్కటే అనుకున్నాను. నా సిగ్గు కోసం దాచాననుకున్నాను. ఆవిడ పెదాలు చిన్నగా కదులుతున్నాయి, పేజీ చదువుకుంటున్నప్పుడు కదిలినట్టే. "అడిగినా పోయేవాడే," అన్నట్టు వినపడింది. ఎవరి గురించో నేను అడగలేదు.

"పోయేవాడు పోతాడమ్మా," అంది తమలపాకుల ఆవిడ, తనకేదో తెలిసినట్టు. "మీ పిల్లని ఊరుకోమనండి."

పెద్దమ్మ ఆవిడకేసి చూసి తల ఊపింది. కళ్ళు తుడుచుకుని, కిటికీవైపు పూర్తిగా తిరిగి కూర్చుంది. నాకు ఆవిడ ముడి, వాడిన పూలు మాత్రమే కనపడుతున్నాయి.

"మళ్ళీ మొదటినుంచి చెప్పు," అంది. "ఈసారి ఏదీ వదలొద్దు. నేను నీ మొహం చూడను, చెప్పు."

నేను గొంతు సవరించుకున్నాను. సాయంత్రం అయింది, సముద్రం దగ్గర గాలి బాగా వేస్తోంది, భాస్కర్ ఒంటరిగా నిలబడి ఉన్నాడు అని మొదలుపెట్టాను. నళిని పరిగెత్తిందని చెప్పాను. వాటేసుకుందని చెప్పాను. ఆ మాట దగ్గరికి వచ్చేసరికి ఆగిపోయాను. తమలపాకుల ఆవిడ గంపమీద చేతులు పెట్టుకుని ముందుకి వంగింది. పెద్దమ్మ తిరగలేదు.

"ఊఁ," అంది, కిటికీలోకి.

చెప్పాను.